మిల్లు లెక్క చదవగలిగితే కంపెనీ లెక్కా చదవగలరు

కర్ణాటకలో సింధనూరు దగ్గరి తుర్విహాళ చుట్టుపక్కల తెలుగువాళ్ల క్యాంపుల్లో పిల్లల చదువు మాట వస్తే ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ అంటారు. లా అనేవాళ్లు తక్కువ. అన్నా, భూమి తగాదాలూ పోలీసు కేసులూ చూసే వకీలే కళ్లముందు మెదులుతాడు. వకీలు వృత్తిలో ఇంకో శాఖ ఉంది. ఒకరిని నమ్మి వ్యాపారంలో పెట్టిన డబ్బు ఎటు పోయిందో వెతికి, దాన్ని కోర్టులో రుజువు చేసి, చేతనైనంత వెనక్కి రాబట్టే పని అది. కంపెనీల్లో లోపలి మోసం బయటపడినప్పుడు దర్యాప్తు చేయడమూ ఇందులో భాగమే. బెంగళూరు, హైదరాబాదు, ముంబయి ఆఫీసుల్లో దీనికి మంచి గిరాకీ ఉంది. ఈ పనికి కావలసిన మొదటి గుణం వాగ్ధాటి కాదు, లెక్కల పుస్తకం ముందు ఓపికగా కూర్చోగలగడం. ఆ ఓపిక తుంగభద్ర ఎడమ కాలువ కింద పెరిగిన పిల్లలకు కొత్త కాదు.

నలుగురు బావమరుదులు కలిసి సింధనూరులో రైసు మిల్లు పెట్టారనుకోండి. ఒకాయన పొలం అమ్మి ఇచ్చాడు, ఒకాయన బ్యాంకు అప్పుకు పూచీ పడ్డాడు, ఇంకొకాయన మిల్లు చూసుకుంటున్నాడు. నాలుగేళ్లకు లాభం లెక్క అడిగితే మాట పెరిగింది. పొలం అమ్మినాయన మీ దగ్గరికి వస్తే, మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఫర్మ్ రిజిస్టరు అయిందా అన్నది. 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షను ప్రకారం, రిజిస్టరు కాని ఫర్మ్‌లో భాగస్వామి ఒప్పందం మీద హక్కు కోసం తోటి భాగస్వామిపై దావా వేయలేడు. ఫర్మ్ రిజిస్టరై ఉన్నా, రిజిస్ట్రారు పుస్తకంలో తన పేరు ఎక్కకపోతే అంతే. ఫర్మ్‌ను రద్దు చేయమనో, రద్దయిన ఫర్మ్ లెక్క తేల్చమనో అడగడానికి మాత్రం దారి ఉంది. రద్దయిన రోజు నుంచి మూడేళ్లు దాటితే ఆ లెక్క దావా కూడా కాలం చెల్లిపోతుంది. ఈ ఒక్క సెక్షను తెలియక ఏళ్ల తరబడి పంచాయితీల చుట్టూ తిరిగి, చివరికి కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోయే కుటుంబాలను తలచుకుంటే బాధ కలుగుతుంది. ముందు రిజిస్టరు చేయించి తర్వాత దావా వేయమని సకాలంలో చెప్పేవారు ఊళ్లో ఒక్కరుంటే చాలు.

తర్వాత కాగితాలు. కాటా చీటీలు, రోజువారీ చిట్టా, కరెంటు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు. కరెంటు ఎంత కాలిందో చూస్తే మిల్లు ఎన్ని వడ్లు ఆడించి ఉంటుందో అంచనా దొరుకుతుంది. పుస్తకంలో దానికంటే బాగా తక్కువ రాసి ఉంటే ఆ తేడా ఎటు పోయిందన్నదే మీ కేసు. దర్యాప్తు అంటే ఇదే. ఒకే సంగతిని రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి, పక్కపక్కన పెట్టి చూడటం.

సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలోనూ జరిగింది ఇదే, సున్నాలు మాత్రం పెరిగాయి. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో ఉన్నట్టు చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. దర్యాప్తులో ఇన్వాయిసుల సాఫ్ట్‌వేరులో వేలకొద్దీ దొంగ బిల్లులు దొరికాయి. వాటికి దాచినట్టు గుర్తు పెట్టి, మామూలు సిబ్బంది కంట పడకుండా చేశారు. బ్యాంకు శాఖలు చెప్పే లెక్కకూ కంపెనీ చూపిన ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితాలకూ పొంతన లేదు. హైదరాబాదు ప్రత్యేక కోర్టు తీర్పు 2015 ఏప్రిల్ 9న వచ్చింది. ఈ రంగంలోకి రాదలచినవారు ఆ కేసు మీద వచ్చిన సెబీ ఉత్తర్వులు ఆసాంతం చదవాలి. ఒక్కో అబద్ధాన్ని ఏ కాగితం పట్టించిందో పక్కన రాసుకుంటూ చదవండి.

అదే కేసులో మనసును కలచివేసే సంగతి ఇంకోటి ఉంది. అమెరికాలో ఆ షేర్లు కొన్నవారు అక్కడి కోర్టులో సామూహిక దావా వేశారు. 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది. ఇక్కడి చిన్న మదుపరులకు ఆనాడు అలాంటి దారి లేదు. 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షను వచ్చాకే సామూహిక పిటిషను మన చట్టంలో చేరింది. దాన్ని వాడుకున్న కేసులు ఇప్పటికీ అరుదు. ఇప్పుడు లా చదువుతున్న తరం చేయాల్సిన పని అక్కడ బోలెడు ఉంది.

పల్లెలకు ఇంకా దగ్గరి కథ అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ వందకు పైగా కంపెనీలు పెట్టి, ప్లాట్లు, తోటల పేరిట సుమారు 32 లక్షల ఖాతాల్లో 6,380 కోట్లు సేకరించిందని ఈడీ చెప్పింది. కర్ణాటకలోనూ కట్టినవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో పదివేల లోపు, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు కట్టిన తన రాష్ట్ర డిపాజిట్‌దారులకు డబ్బు ఇచ్చింది. ఇలాంటి కేసుల్లో లాయరు చేయగల మేలు చాలావరకు రసీదుల దగ్గరే ఉంటుంది. బాండు కాగితం, ఏజెంటు సంతకం చేసిన పుస్తకం, కట్టిన తేదీలు, అన్నీ ఒక పట్టికగా చేసి గడువులోగా అధికారి ముందు పెట్టాలి. కర్ణాటకలో 2004 డిపాజిట్‌దారుల రక్షణ చట్టం ఉంది, దేశం మొత్తానికి 2019 నాటి అక్రమ డిపాజిట్ల నిషేధ చట్టం ఉంది. రెండింటిలోనూ ఆస్తుల జప్తుకు, ప్రత్యేక కోర్టుకు ఏర్పాటు ఉంది. తెలుగూ కన్నడమూ రెండూ రాసే లాయరు ఇక్కడ వందలమందికి ఆసరా అవుతాడు.

చదువు సంగతి. క్లాట్ రాసి బెంగళూరు నేషనల్ లా స్కూలుకు వెళ్లే ఆలోచన ఉంటే, కర్ణాటకలో పదేళ్లు చదివినవారికి అక్కడ 25 శాతం సీట్లు ఉన్నాయని గుర్తుంచుకోండి. హుబ్బళ్లి లా యూనివర్సిటీ కింది కాలేజీలకైతే కల్యాణ కర్ణాటక వారికిచ్చే 371జె ధ్రువపత్రం ముందే తీసి ఉంచుకోండి. కాలేజీ పేరు కొంతవరకే పనికొస్తుంది. బ్యాలెన్స్ షీటు చదవడం రాకపోతే ఎంత పెద్ద కాలేజీ అయినా లాభం లేదు. వీలైతే బీకాం చేసి మూడేళ్ల లా చేయండి. ఐదేళ్ల కోర్సు వాళ్లు సెలవుల్లో ఒక చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర కూర్చోండి.

జూనియరుగా చేరిన తొలి ఏళ్లు కష్టంగా గడుస్తాయి, అది దాచాల్సిన పని లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో పట్టణాల్లో నెలకు 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 తగ్గకుండా ఇవ్వమని సీనియర్లకు చెప్పింది. అది సిఫార్సు మాత్రమే. చేరేముందు అడిగి తేల్చుకోండి, అడగడంలో తప్పులేదు. కంపెనీ తగాదాలు చూడాలనుకుంటే బెంగళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లే సీనియరును వెతకండి. వాణిజ్య కోర్టుల చట్టం కింద మూడు లక్షలు, ఆపైన విలువున్న భాగస్వామ్య, షేర్‌హోల్డర్ల తగాదాలు ప్రత్యేక పద్ధతిలో నడుస్తాయి. అత్యవసర ఉపశమనం అడగని దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. మీ దగ్గరున్న కాగితాలన్నీ దావాతోనే పెట్టాలి, తర్వాత పెడతామంటే కోర్టు అనుమతి అడగాలి. జవాబు దావాకు 120 రోజులు దాటితే గడువు లేదు. వాట్సాప్ సందేశాలు, ఈమెయిళ్లు సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ధ్రువపత్రం, అందులో హాష్ విలువ ఉండాలి. ఫోను పోయాక, మార్చాక ఆ పని కష్టం. క్లయింటు మొదటిసారి వచ్చిన రోజే ఫోను భద్రపరచమని చెప్పండి.

కంపెనీ తరఫున లోపలి దర్యాప్తుకు వెళితే, ఉద్యోగితో మాట మొదలుపెట్టేముందే మీరు కంపెనీ లాయరనీ, ఆయన లాయరు కాదనీ స్పష్టంగా చెప్పండి. ఆయన చెప్పేది కంపెనీకి చేరుతుందని కూడా చెప్పాలి. భయంతో ఉన్న మనిషి తనకోసమే వచ్చారనుకుని అన్నీ చెప్పేస్తాడు. ఆ నమ్మకాన్ని వాడుకోవడం అన్యాయం. జీతానికి కంపెనీలోనో, ఆడిట్ సంస్థల ఫోరెన్సిక్ విభాగంలోనో చేరితే ప్రాక్టీసు ఆపాలి. అంతేకాదు, జీతం మీద ఉన్న కంపెనీ లాయరుకు క్లయింటు రహస్యాల విషయంలో సాక్ష్య అధినియమం 132వ సెక్షను రక్షణ వర్తించదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే కీలకమైన దర్యాప్తులను కంపెనీలు బయటి లాయర్లకు అప్పగించడంలో అర్థముంది.

తుర్విహాళలాంటి ఊళ్లో ప్రాక్టీసు పెడితే ఇంకో చిక్కు వస్తుంది. పొలం అమ్మినాయనా మీకు బాబాయే, మిల్లు చూసుకునేవాడూ మీకు మామయ్యే. ఒకాయన లెక్కల పుస్తకం మీ బల్ల మీద విప్పి చూపాక రెండో ఆయన తరఫున నిలబడటం కుదరదు, ఎంత దగ్గరివాడైనా సరే. ఎవరు ఎప్పుడు ఏ విషయం మీద వచ్చారో ఒక డైరీలో రాసి పెట్టుకోండి. రెండో ఆయన వచ్చినప్పుడు కాగితాలు విప్పకముందే ఆపి, "మామయ్యా, ఈ కేసు నేను చూడకూడదు, సింధనూరులో ఫలానా ప్లీడరు గారి దగ్గరికి వెళ్లండి" అని చెప్పండి.