అల్యూమినియం తుక్కుకు తగిన ధర: చిరంజీవికి పెదనాన్న లేఖ



విజయవాడ ఆటోనగర్‌లో సొంతంగా పాత సామాన్ల కొట్టు తెరవబోతున్న యువకునికి అన్నిటికంటే ముందు తెలియవలసినది, అల్యూమినియం తుక్కు ధర కొనేవాని నోట పుట్టదని, సరుకును ఏరి వేరుచేసే చోటనే అది చాలావరకు తేలిపోతుందని. కాటా మీదికి ఎక్కకముందు జరిగిన పనికి ధర పలుకుతుంది. ఎక్కిన తరువాత చేసే బేరం కిలోకు ఒకటి రెండు రూపాయల తేడాను సర్దుతుంది, అంతే. గట్టిగా బేరమాడితే గిట్టుబాటు అవుతుందని కొత్తగా దిగిన వారందరూ అనుకుంటారు గాని, ఆ నేర్పు కంటే ఒక స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం, కాస్త ఓపిక ఎక్కువ డబ్బు తెచ్చిపెడతాయని పెదనాన్నకు గట్టి నమ్మకం.

దీనికి కారణం కొలిమిలో ఉంది. బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినియం తీయటానికి పట్టే విద్యుత్తు, ఇంధనాలతో పోలిస్తే తుక్కును కరిగించి మళ్లీ లోహంగా మార్చటానికి సుమారు 5 శాతం శక్తి సరిపోతుంది కనుకనే తుక్కుకు ఇంత గిరాకీ. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, ఇనుము కరగటానికి 1,500 డిగ్రీలు దాటాలి. అయినా కరిగిన అల్యూమినియంలో పడిన ఇనుప మర కొద్దికొద్దిగా అందులో కలిసిపోతుంది, ఒకసారి కలిసిన ఇనుమును తిరిగి వేరుచేయటం కొలిమివారికి దాదాపు చేతకాని పని. ఇనుము పాలు పెరిగిన లోహం పెళుసుబారి, వంచితే విరుగుతుంది. అందుచేత కొనేవాడు కంటికి కనబడిన నాలుగు మరలను బట్టి కనబడని నలభై మరలను ఊహించి, మొత్తం సరుకుకు ఆ అనుమానపు ధర కడతాడు.

తుక్కులో రెండు పెద్ద జాతులున్నాయి. అచ్చులో పోసి తీసినది పోత సరుకు: ఇంజను కేసింగులు, పిస్టన్లు, గేరుబాక్సుల తొడుగులు ఈ జాతివి, లోహం అచ్చులోని మూలమూలకూ పారటానికి ఇందులో సిలికాన్‌ను ధారాళంగా కలుపుతారు. రేకుగా సాగగొట్టినది, కడ్డీగా లాగినది, కిటికీలకు వాడే సెక్షన్‌గా ఒత్తి తీసినది రెండవ జాతి. సెక్షన్ లోహంలో మెగ్నీషియం, సిలికాన్ ఒక్కొక్కటి శాతానికి లోపుగానే ఉంటాయి. సెక్షన్ ముక్కను కరిగించి పోత సరుకుగా మార్చవచ్చు గాని, పోత ముక్కను కరిగించి సెక్షన్ చేయటానికి అందులోని సిలికాన్ అడ్డుపడుతుంది. రెండూ ఒకే గోతంలో కలిసి వచ్చినపుడు అంతా పోత ధరకే పోవటానికి కారణం ఈ ఒకదారి ప్రయాణమే గాని కొనేవాని దుర్బుద్ధి కాదు, కనుక అతనితో తగవుపడటం వృథా.

సత్తు గిన్నెలకు మసి, ఇనుప రివిట్లు వదిలిస్తే మంచి ధరే వస్తుంది. శీతల పానీయాల డబ్బాలు ఒక్కొక్కటి 13 నుంచి 15 గ్రాములు మాత్రమే తూగుతాయి, కిలో కావాలంటే దాదాపు 70 పోగుపడాలి. పలుచని గోడ, పైన రంగు ఉండటం వల్ల కొలిమిలో కొంత భాగం కాలి చిట్టెంగా పోతుంది. డబ్బాలో మిగిలిన తడి అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే కరిగిన లోహం కింద చిక్కిన నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. వాటిని ఎండబెట్టి అమ్మటం ధర కోసమే కాక కొలిమి దగ్గర నిలబడే కూలీ ప్రాణం కోసం కూడా. మందుల రేకులు, ప్లాస్టిక్ అంటుకున్న పొరలు చోటు తినటమే గాని లాభం చూపవు.

ఒక పాత కిటికీ చట్రాన్ని దగ్గరగా చూస్తే ఏరివేత విలువ తెలుస్తుంది. చట్రం మూలల్లో ఇనుప మరలు, అద్దం పట్టే గాడిలో రబ్బరు పట్టీ, జారే తలుపు అడుగున నైలాను చక్రాలు, అక్కడక్కడ అల్యూమినియంలాగే మెరిసే జింకు పోత గొళ్లెం ఉంటాయి. జింకును అయస్కాంతం పట్టదు, కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలు మరలనూ పట్టదు. అయితే అల్యూమినియం సాంద్రత 2.7, జింకుది 7 పైచిలుకు కావటం వల్ల చేతిలో పట్టుకున్న వెంటనే బరువు తేడా పట్టిస్తుంది. లెక్క కోసం 100 కిలోల చట్రాలలో 4 కిలోల వ్యర్థం ఉందనుకుంటే, శుభ్రం చేసిన 96 కిలోలు కిలో 180 రూపాయల చొప్పున 17,280 రూపాయలు తెస్తాయి. అదే సరుకును ఉన్నదున్నట్లు అమ్మితే కొనేవాడు పదో వంతు తరుగు కోసి, మిగిలిన 90 కిలోలకు 155 చొప్పున 13,950 ఇస్తాడు. తరుగు అంటే చెత్త కింద ముందే తీసివేసే బరువు; ఉన్నది 4 కిలోలైతే పోయినది 10 కిలోలు. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే అయినా, మర విప్పే మనిషికి ఇచ్చే కూలి ఈ తేడాలో చిన్న భాగమని ఇట్టే తెలుస్తుంది.

ఏసీ యంత్రాల కాయిల్‌లో రాగి గొట్టాల చుట్టూ అల్యూమినియం రెక్కలుంటాయి. రాగి ధర అల్యూమినియానికి ఎన్నో రెట్లు కనుక వాటిని మామూలు తుక్కులో వేయటం అన్యాయమైన నష్టం. విడదీయటానికి వీలు లేకపోతే వేరే రకంగానే అమ్మాలి.

విద్యుత్ తీగ విషయంలో మాత్రం పెదనాన్న మాట సలహా కాదు, కట్టడి. దాదాపు 99.5 శాతం శుద్ధమైన లోహం కావటం వల్ల తీగకు అన్నిటికంటే మంచి ధర పలుకుతుంది, అందుకే పొలాల్లో స్తంభాల మధ్య తీగ రాత్రికి రాత్రి మాయమవుతుంది. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 136వ సెక్షన్ తీగ దొంగిలించినవారిని, 137వ సెక్షన్ దొంగసొత్తని తెలిసీ కొన్నవారిని శిక్షిస్తాయి. నడుమ ఉక్కు పోగు ఉన్న లావుపాటి తీగ చుట్ట విద్యుత్ లైనుదే. దానిని పంపిణీ సంస్థ వేలం కాగితాలు లేకుండా తెచ్చినవాడు ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోరాదు. ఆ తీగ పోయిన రాత్రి ఒక రైతు పంట నీరు లేక ఎండుతుందన్న సంగతి ధరకంటే ముందు గుర్తుకు రావాలి.

ఇక బజారు ధర. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో అల్యూమినియం టన్నుకు డాలర్లలోను, ముంబయిలోని సరుకుల వాయిదా బజారు ఎంసీఎక్స్‌లో కిలోకు రూపాయలలోను పలుకుతుంది. తుక్కు ధర ఆ కొత్త లోహపు ధరలో ఒక వంతుగా నడుస్తుంది. నిన్నటి ధరతో నేటి ధరను పోల్చటం కంటే, ఒక్కో రకానికి ఎంసీఎక్స్ ధరలో ఎన్నో వంతు దక్కిందో చిట్టాలో రాసుకుంటే, బజారు పడటం వల్ల తగ్గిందో కొనేవాడు కోయటం వల్ల తగ్గిందో వారం తిరగకుండానే తేలుతుంది. బజారు పడేటప్పుడు కొనేవాని ధర వెంటనే దిగుతుంది, లేచేటప్పుడు మాత్రం నింపాదిగా ఎక్కుతుంది. ఒకే రోజున ఆటోనగర్‌లో ఇద్దరిని, హైదరాబాదు భోలక్‌పూర్‌లో ఒకరిని అడిగి, రవాణా ఖర్చు తీసివేసి చూసుకోవటం మంచిది.

ధర అడిగేటప్పుడు జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగా చెప్పారా అని తేల్చుకోవాలి. ఈ తుక్కుపై పన్ను 18 శాతం. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాని దగ్గర రిజిస్టరైన వ్యాపారి లోహపు తుక్కు కొంటే, ఆ పన్ను కొన్నవాడే కట్టాలి. దీనిని రివర్స్ చార్జ్ అంటారు. ఇద్దరూ రిజిస్టరైనవారై, ఒప్పందం విలువ 2.5 లక్షలు దాటితే కొనేవాడు 2 శాతం మినహాయించి, అమ్మినవాని పేర జమ కడతాడు. బిల్లు లేకుండా రెండు రూపాయలు ఎక్కువ ఇస్తామన్నవారి తూకం కూడా వారి ఇష్టప్రకారమే ఉంటుంది.

లోడును బయలుదేరే ముందు వేరే వే బ్రిడ్జి మీద తూయించి చీటీ దగ్గర ఉంచుకోవాలి. కొట్టులోని కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటకుండా చూసుకోవాలి. వీధుల్లో తిరిగి సరుకు ఏరితెచ్చే ఆడవారికి అంకె కనబడేలా కాటాను వారివైపు తిప్పి ఉంచాలి. ఏ రకానికి ఎంత ఇస్తారో పలక మీద రాసి పెడితే, వారే సరుకును ఇంటి దగ్గర ఏరి తెస్తారు.

మొదటి లోడు అమ్మిన వెంటనే తూకం చీటీ, బిల్లు, ఆనాటి ఎంసీఎక్స్ ధర మూడింటినీ పెదనాన్నకు పంపవలసినది. తరుగు ఎక్కడ ఎక్కువ పడిందో చూసి, రెండో లోడు కట్టకముందే జవాబు రాయబడుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న