పేగులో తిత్తులు: పల్లీలు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 52. డల్లాస్‌లో ఉంటున్నాను. స్క్రీనింగ్ కొలొనోస్కోపీ రిపోర్టులో ‘డైవర్టిక్యులోసిస్’ అని రాశారు. అప్పుడప్పుడూ పొత్తికడుపులో ఎడమవైపు నొప్పి వస్తోంది. ఇది క్యాన్సరా? పల్లీలు, జామకాయలు మానేయాలా?
– ఒక పాఠకుడు

జవాబు: ఇది క్యాన్సర్ కాదండీ. పెద్దపేగు గోడ బలహీనంగా ఉన్నచోట లోపలి పొర చిన్న తిత్తిలా బయటికి ఉబ్బుతుంది. వయసు పైబడేకొద్దీ ఇవి ఎక్కువవుతాయి. చాలామందికి వీటివల్ల ఏ బాధా ఉండదు.

తిత్తి వాచినా, ఇన్‌ఫెక్షన్ సోకినా అది డైవర్టిక్యులైటిస్. నొప్పి వదలదు, జ్వరం రావచ్చు. అమెరికాలో ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. ఆసియావాసుల్లో కుడివైపు కూడా వస్తుంది కాబట్టి అపెండిసైటిస్ అని పొరబడే వీలుంది. నిర్ధారణకు రక్తపరీక్ష, సీటీ స్కాన్ చేస్తారు. వాపు ఉన్నప్పుడు సాధారణంగా కొలొనోస్కోపీ చేయరు. అవసరమైతే తగ్గిన 6–8 వారాలకు చేస్తారు.

పల్లీలు, జామకాయలు మానక్కర్లేదు. సుమారు 47 వేలమంది అమెరికన్ పురుషులను 18 ఏళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో పల్లీలు, బాదం వంటివాటివల్ల ముప్పు పెరగలేదని తేలింది.

• తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టె, పప్పు, తోటకూర, చిక్కుడుకాయ మెల్లగా పెంచండి. నీళ్లు బాగా తాగండి.
• రోజూ నడవండి. పొగ మానేయండి, మటన్ తగ్గించండి.
• ఐబుప్రొఫెన్ తరచూ వేసుకోవద్దు. గుండె కోసం ఇచ్చిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.

మీ నొప్పి గురించి ఈ వారంలోనే ఫ్యామిలీ డాక్టర్‌కు చెప్పండి. జ్వరం, ఆగని వాంతులు, కడుపు గట్టిపడటం, మలంలో ఎక్కువ రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. కళ్లు తిరిగితే 911కు ఫోన్ చేయండి.