ద్వారబంధం మీద పెన్సిలు గీత

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతున్నాడు. క్లాసులో అందరికన్నా పొట్టి. మావారి ఎత్తు 170 సెంటీమీటర్లు, నాది 152. ‘వాడికి నీ పోలికే’ అంటారు మా అత్తగారు. ఎత్తు పెరగడానికని నెలకు రెండు డబ్బాల పొడి కొని పంపుతున్నాం. పని చేస్తుందా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: మీ అత్తగారి మాట సగం నిజమేనమ్మా. మగపిల్లాడికైతే అమ్మానాన్నల ఎత్తులు కూడి, 13 కలిపి, సగం చేస్తాం. మీవాడికి 167 పైచిలుకు వస్తుంది. దానికి ఓ ఎనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ కావచ్చు. ఆ అటూ ఇటూలో తిండికి, నిద్రకు, జబ్బులకు, మనసుకు కూడా వాటా ఉంది.

దీనికి రుజువు మన తెలుగు నేల మీదే దొరికింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అదనపు ఆహారం పెట్టారు. పక్క పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. రెండుచోట్ల పిల్లలూ 13–18 ఏళ్ల వాళ్లయ్యాక కొలిస్తే, అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఇంతేనా అనకండి. మామూలు తిండికి తోడు పెట్టిన ఆ కాస్త ఆహారం గుర్తు పదిహేనేళ్ల తర్వాత కూడా ఎముకల్లో మిగిలింది.

ఇక హాస్టల్ సంగతి. మీవాడు ఎన్నింటికి పడుకుంటున్నాడో, ఎన్నింటికి లేపుతున్నారో మీరు రాయలేదు. నాకు కావాల్సింది అదే. ఎదుగుదల హార్మోను ఎక్కువగా ఊరేది రాత్రి గాఢనిద్రలో. ఈ వయసుకు కనీసం తొమ్మిది గంటల నిద్ర ఉండాలి. రాత్రి పదకొండు దాకా చదివించి తెల్లవారుజామున నాలుగున్నరకు లేపితే ఏ పొడీ దాన్ని పూడ్చలేదు.

వాడు అక్కడ సంతోషంగా ఉన్నాడా అన్నది కూడా వైద్యపరమైన ప్రశ్నే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1948లో జర్మనీలోని రెండు అనాథాశ్రమాల పిల్లలను ఎల్సీ విడోసన్ అనే శాస్త్రవేత్త తూచి చూశారు. ఒకచోట పిల్లలకు రొట్టె ఎక్కువిచ్చినా బరువు సరిగా పెరగలేదు. అక్కడి పర్యవేక్షకురాలు భోజనాల వేళే పిల్లలను అందరి ముందూ తిట్టేదట.

పొడి డబ్బాల్లో చాలావరకు ఉండేది ధాన్యపు పిండి, చక్కెర, కొంచెం పాలపొడి. ఆ డబ్బుకు రోజుకో గుడ్డు, గ్లాసు పాలు వస్తాయి. సెలవుల్లో వచ్చినప్పుడల్లా ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, దానిమీద తేదీ వేసి పెన్సిలు గీత పెట్టండి. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే పిల్లల డాక్టరుకు చూపించి థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాలి. అన్నట్టు, క్లాసులో ఆడపిల్లలతో పోల్చకండి. వాళ్లు రెండేళ్లు ముందే సాగుతారు.

ప్రశ్న: మాది కొల్లేరు లంక గ్రామం. పాపకు 18 నెలలు. నెలకోసారి విరేచనాలు. అంగన్‌వాడీ కార్డులో గీత కిందికి దిగిందన్నారు. చేప పెడితే ఇంకా ఎక్కువవుతాయంటున్నారు మావాళ్లు.
– ఒక పాఠకురాలు, కైకలూరు మండలం

జవాబు: మీ చుట్టూ చెరువుల్లో పట్టిన చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్ దాకా పోతోంది. ఆ చెరువు గట్టున పెరిగే పాపేమో చారన్నం తింటోంది! ముల్లు తీసి, కారం లేకుండా మెత్తగా ఉడికించిన చేప ముక్క అన్నంలో పిసికి పెట్టండి. విరేచనాలప్పుడు కూడా తిండి ఆపకూడదు. ఓఆర్ఎస్ తాగిస్తూ, ఆశా కార్యకర్త ఇచ్చే జింకు బిళ్లలు 14 రోజులూ వేయాలి. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానేయొద్దు.

అసలు దోషం నీళ్లది. మాటిమాటికీ సోకే క్రిములతో పేగు లోపలి పొర దెబ్బతింటే తిన్నది ఒంటికి పట్టదు. తాగడానికి టిన్ను నీళ్లు కొంటున్నా, గిన్నెలు చెరువు నీళ్లతో కడిగితే లాభం లేదు. పాప గిన్నె, చెంచా మరిగించిన నీళ్లతో కడగండి. తినిపించే ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో వందకు 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. రెండేళ్లు నిండకముందే మీరు గమనించారు, నయం. నెలనెలా తూకం వేయించండి. మలంలో రక్తం పడినా, పాప మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అమ్మాయి పదిన్నర ఏళ్లకే పెద్దమనిషి అయింది. ఇక ఎత్తు పెరగదంటున్నారు. ఖోఖో మాన్పించమంటున్నారు.
– తాడేపల్లిగూడెం

జవాబు: పదిన్నర కొంచెం ముందే అయినా జబ్బు కాదు. ఎనిమిదేళ్లలోపు రొమ్ములు పెరగడం మొదలైతే మాత్రం పరీక్షలు కావాలి. ఎదుగుదల ఆగిపోదు. సాధారణంగా ఇంకో ఐదారు సెంటీమీటర్లు పెరుగుతుంది, ఇంత ముందుగా అయినవాళ్లు ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే.

మన గోదావరి జిల్లాల్లో పెద్దమనిషి అయిన పిల్లకు చిమ్మిలి పెడతారు. నువ్వులూ బెల్లమూ కలిపిన మంచి తిండి. చాపమీద ఉన్న నాలుగు రోజులు కొసరి కొసరి పెట్టి, లేచాక ‘తమ్ముడు తిన్నాక తిందువులే’ అనడమే నాకు అర్థం కాదు. నెలనెలా రక్తం పోయేది ఇప్పటినుంచే కదా! చిమ్మిలి ఏడాది పొడవునా చేయండి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర మింగుతోందో లేదో అడగండి.

ఖోఖో ఆడితే ఎముకలు గట్టిపడతాయి. కడుపునొప్పి లేకపోతే రేపే పంపండి.