మల్లీశ్వరి మూడో ప్రయత్నం



ఈ ఆదివారం పిల్లలతో ఒక కూడిక చేయించండి. మన మార్కాపురం పలక ఇంట్లో ఉంటే మరీ మంచిది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో ఎత్తిన బరువు ఇది. దానితోనే కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే.

స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి మొత్తం 242.5. చివరి ప్రయత్నానికి మల్లీశ్వరి 137.5 కిలోలు పెట్టమన్నారు. ఎత్తితే 247.5, స్వర్ణం ఆమెదే. ఎత్తలేకపోయారు.

మీరైతే ఎంత పెట్టమనేవాళ్లని పిల్లల్ని అడగండి. తేలిక లెక్కలే ఎంచుకుని నూటికి నూరు తెచ్చే పిల్లలుంటే, వాళ్లనే ముందు అడగండి.