పెరటి మొక్క: మనకు మందు, పక్షికి గూడు

చరక సంహిత శారీరస్థానమున లోకపురుష సామ్యము చెప్పబడినది. బయటి లోకమున ఏవి కలవో అవి మనిషియందును కలవని దాని భావము. అందుచే మన పెరటిలో మనకు ఔషధమైన మొక్క పక్షికో, తేనెటీగకో కూడ ఆధారమగుట వింత కాదు.

ఇందుకు శ్రీకాకుళం జిల్లాలోనే ప్రత్యక్ష నిదర్శనము కలదు. టెక్కలి మండలములోని తేలినీలాపురమునకు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, ఇచ్ఛాపురం చెంతనున్న తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు ఏటేటా వచ్చి, ఊరి చెట్లమీదనే గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. జనులు వీటిని సైబీరియా పక్షులందురు గాని, ఇవి మన దక్షిణాసియా ప్రాంతపు పక్షులే. నత్తగుల్ల కొంగ ముఖ్యాహారము నత్తలే కనుక వరి రైతునకు మేలు. ఇవి గూడు కట్టు చెట్లలో చింత ముఖ్యమైనది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. తుఫానులకు కూలిన పెరటి చెట్టు స్థానమున సిమెంటు గచ్చు వేసినచో పక్షికి మరల చోటుండదు. చింత గూటికి తగినంత ఎదుగుటకు ఎన్నో ఏండ్లు పట్టును. కావున ఆలస్యము తగదు.

పెరటిలో నాటదగినవి

1. కరివేపాకు: దీని ఆకుపై పక్షిరెట్టవలె కనిపించి, పిదప పచ్చబడు పురుగు నల్లని సీతాకోకచిలుక పిల్ల. కొన్ని ఆకులు తినిన చెట్టు చావదు, మరల చిగిర్చును. మందు చల్లరాదు, ఆ ఆకును మనమే తినుచున్నాము గదా.

2. అడ్డసరము: దగ్గునకు వాడుక గల మొక్క. తెల్లని పూలకు తేనెటీగలు వచ్చును. గర్భిణులు దీనిని సేవింపరాదు.

3. వావిలి: బాలింతల స్నానమునకు ఆకు వేసి నీరు కాచుట మన ఇండ్లలో ఆచారము. పూత కాలమున తేనెటీగలతో నిండియుండును. కొమ్మ నాటినను బ్రతుకును.

4. వేప: పండ్లను గోరువంకలు, పికిలిపిట్టలు తినును.

5. జిల్లేడు: దీనిపై నారింజరంగు సీతాకోకచిలుక గ్రుడ్లు పెట్టును. పాలు కంట పడిన ప్రమాదము. పిల్లలకు అందని కంచెవద్దనే ఉంచవలెను.

చింత, వేప వంటి పెద్ద చెట్లను గోడకు, బావికి దూరముగా నాటవలెను. చోటు లేనివారు కరివేపాకు, అడ్డసరములను తొట్లలో పెంచుకొనవచ్చును.

పెంచు విధము

ఆషాఢ శ్రావణములలో, తొలకరి నేలలోనికి దిగిన పిదప నాటుట మేలు. రెండడుగుల గుంట త్రవ్వి, చివికిన పెంటయెరువు మట్టితో కలిపి నింపవలెను. రాలిన ఆకులను కాల్చక మొదళ్ళవద్దనే పరచినచో తేమ నిలుచును, వానపాములు వృద్ధియగును. ఇంటి గోడ ప్రక్కన మాత్రము ఆకుల కుప్పలు వేయరాదు, పాములు చేరవచ్చును. మట్టి మూకుడులో పక్షులకు నీరు పెట్టి, దోమలు పుట్టకుండ ప్రతిదినము మార్చవలెను.

గూడున్న కొమ్మను పిల్లలు ఎగిరిపోవువరకు నరుకరాదు. ఈ వానకాలమున పాఠకులు కనీసము ఒక మొక్కయైనను నాటి, దాని సంరక్షణను ఇంటి పిల్లలకు అప్పగింపగలరు.