పాత మెటల్ డిటెక్టర్: ముందు బొమ్మ గీయండి, తర్వాతే భాగాలు మార్చండి

ప్రశ్న: నా పాత మెటల్ డిటెక్టర్ ఊళ్లో బాగానే పనిచేస్తోంది. ఛత్రపురం ఇసుకలో మాత్రం ఊరికే మోగుతోంది. సర్క్యూట్ బొమ్మ లేదు. కెపాసిటర్లన్నీ మార్చేయనా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: తొందరపడకండి. ఛత్రపురం తీరపు ఇసుకలో ఇల్మెనైట్ అనే నల్లటి ఖనిజం దండిగా ఉంది. ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ అక్కడే దాన్ని తవ్వి తీస్తోంది. అలాంటి నల్ల ఇసుక కూడా కాయిల్ సిగ్నల్‌ను మారుస్తుంది కాబట్టి, మోత వచ్చినంత మాత్రాన బోర్డు చెడిందనలేం. బ్యాటరీ తీసేసి బోర్డుకు రెండు వైపులా ఫొటో తీయండి. టంకం వైపు ఫొటోను తిరగేసి, మల్టీమీటర్‌తో ఒక్కో గీతా సరిచూసుకుంటూ బొమ్మ గీయండి. కాయిల్‌తో జతకట్టిన కెపాసిటరే ఫ్రీక్వెన్సీని నిర్ణయిస్తుంది. విలువ ఒకటే అయితే దాని బదులు సెరామిక్ పెట్టకూడదా అంటారేమో. మామూలు సెరామిక్ విలువ ఎండ వేడికి మారిపోతుంది. దాంతో సిగ్నల్ ఫేజ్ జరిగి, నేల ప్రభావాన్ని తీసేసే సర్దుబాటు (గ్రౌండ్ బ్యాలెన్స్) తప్పుతుంది. ఆ కెపాసిటర్‌కు పాలీప్రొపిలీన్ రకమే మేలు. ఏ భాగం ఏ పని చేస్తుందో బొమ్మే చెబుతుంది. అది తెలియకుండా మారిస్తే మంచి యంత్రాన్ని చేజేతులా పాడుచేసుకున్నట్టే.