రేఖలలో గురులఘువులు

ఛందస్సు చదివిన ప్రతి విద్యార్థికీ లఘువు ఒక మాత్ర అనీ, గురువు రెండు మాత్రలనీ తెలియును. ఈ భేదాన్ని పాటింపక అన్ని అక్షరాలనూ ఒకే కాలంలో పలికినచో ఎంతటి ఉత్పలమాల అయినా నడక కోల్పోవును. మన కళాశాలలో ఉర్దూ అభ్యసించే విద్యార్థులకు ఇదే సత్యం మరొక విధంగా పరిచితం. ఖుష్‌నవీసు తన కలం ములుకును ఏటవాలుగా చెక్కి, ఆ ములుకు వెడల్పుతో పెట్టిన చుక్కనే కొలతగా గైకొని అలిఫ్ ఎంత పొడవుండవలెనో నిర్ణయించును. భవనాల నక్షాలోని గీతలకు కూడా ఇట్టి గురులఘు భేదమున్నది. ఆ భేదం చెరిగిపోయినప్పుడు కలిగే నష్టం మాత్రం పద్యం చెడిన నష్టం వంటిది కాదు. అది కూలివాని చెమటలో లెక్కకు వచ్చును.

నేను తెలుగు బోధించువాడను, ఇంజనీరును కాను. ఈ విషయం నా దృష్టికి వచ్చుటకు దివిసీమలో మా అన్నగారు కట్టుకొన్న ఇల్లు కారణం. నక్షాను గీసిన యువకుడు దానిని ఎ1 కాగితానికి తగినట్లు కంప్యూటరులో సిద్ధపరచి ఇచ్చెను. అన్నగారు ఆ ఫైలును ఒక దుకాణానికి తీసుకొనిపోగా, వారు దానిని ఎ3 కాగితానికి సరిపోవునట్లు కుదించి అచ్చు తీసిరి. ఆ అచ్చుకు జిరాక్సు తీయించి మేస్త్రీకి ఇచ్చినారు. వంటగదిలో అటక అంచును తెలిపే తునకల గీత ఆ కాగితంలో ఏకరేఖగా కనబడెను. మేస్త్రీ దానిని గోడ అనుకొని ముగ్గు పోసినాడు. కూలీలు పునాది త్రవ్వినారు. మరునాడు నక్షా గీసిన యువకుడు వచ్చి చూచి ఆపకున్నచో గోడ కూడా లేచెడిదే.

రెండు దినాల కూలిని మేస్త్రీ లెక్కలో కోయవలెనని అన్నగారు పట్టుపట్టిరి. అప్పుడు మేస్త్రీ కాగితాన్ని నా ముందు పరచి, “మాస్టారూ, మీరు చదువుకొన్నవారు. ఇందులో గోడ ఏదో, అటక ఏదో మీరే చెప్పండి” అన్నాడు. ఎంత పరిశీలించినా నేను చెప్పలేకపోతిని. అన్నగారు కూడా చూచి, తన మాటను విరమించుకొన్నారు. తప్పు ఆ మేస్త్రీది కాదు. మరి ఎక్కడ జరిగినది?

ప్లాను అనగా భవనాన్ని కిటికీల ఎత్తులో అడ్డంగా కోసి, పైనుండి చూచినట్లు వ్రాసిన చిత్రం. కోతకు గురియైన గోడలు, స్తంభాలు అన్నింటికంటె మందమైన గీతతో ఉండవలెను. కోతకు దిగువన కనిపించే మెట్లు, గట్లు మధ్యమ రేఖతో వ్రాయుదురు. కొలతలు, గదుల నేలపై గళ్ళు మొదలగునవి సన్నని గీతకు చెందినవి. కోతకు పైన ఉన్న అటక, సజ్జ, దూలం తునకల గీతతో చూపబడును. కావున గీత మందం అలంకారం కాదు, అర్థం. ఒకే అక్షరాన్ని దీర్ఘంగా పలికినప్పుడు మాట మారినట్లే, ఒకే గీతను మందంగా వ్రాసినప్పుడు వస్తువే మారును.

ఈ మందాలకు అంతర్జాతీయ ప్రమాణమొకటి కలదు. 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 మిల్లీమీటర్లు అనునది ఆ వరుస. ప్రతి మెట్టూ ముందుదానికి సుమారు 1.4 రెట్లు. కాగితాల కొలతలు కూడా ఇదే నిష్పత్తిలో ఉన్నవి: ఎ1 కాగితం 594 × 841, ఎ2 కాగితం 420 × 594 మిల్లీమీటర్లు. అందుచేత ఎ1 మీది 0.5 గీతను చిత్రంతోపాటు కుదించినచో ఎ2 మీద 0.35గా, ఎ3 మీద 0.25గా మారి వరుసలోనే నిలుచును. మందమైన గీత సన్నగీతకు కనీసం రెండింతలు ఉండవలెనని నియమం. గురువు లఘువుకు రెండింతలనుట ఇచ్చట కూడా చెల్లినది!

1855లో పూర్తియైన కృష్ణా ఆనకట్ట నాటికి గాని, 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి నాటికి గాని చిత్రలేఖకుడు రూలింగు పెన్ను మరను త్రిప్పి గీత మందాన్ని తన చేతితోనే నిర్ణయించెడివాడు. 1982లో ఆటోకాడ్ వెలువడిన పిమ్మట గీత తెర మీదికి చేరెను. ఆ తొలినాళ్ళ ప్లాటరు యంత్రంలో వరుసగా కలములుండెడివి. తెర మీది ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క కలాన్ని నియమించెడివారు. కలములు పోయినను ఆ ఆచారం మిగిలినది. నేటికీ ఎందరో 255 రంగులకు మందాలను నిర్ణయించే ‘సి.టి.బి.’ అను పట్టికనే వాడుదురు. ‘ఆటోకాడ్ 2000’ నుండి గీతకే నేరుగా మందాన్ని ఇచ్చుకొనే మార్గం కూడా ఏర్పడినది.

మా అన్నగారి నక్షాలో చిక్కు ఇచ్చటనే వచ్చినది. మందాలను తెలిపే పట్టిక ఆ యువకుని కంప్యూటరులో ఉండిపోయెను. దుకాణానికి నక్షా మాత్రమే వెళ్ళెను. పట్టిక లేనందున గీతలన్నీ యంత్రానికి తోచిన ఏకమందంతో అచ్చైనవి. ఇక రెండవ లోపం: ఈ విధానంలో గీత మందం కాగితం మీది మిల్లీమీటర్లలో లెక్కింపబడును. చిత్రాన్ని సగానికి కుదించినను, ప్రత్యేకంగా ఆదేశించిననే తప్ప గీత సన్నబడదు. తునకల నడుమ ఖాళీలు మాత్రం సగమగును. ఆ పైన జిరాక్సు సిరా ఆ ఖాళీలను పూడ్చివేసెను. అటక గోడ అయిన విధమిది.

ఈ విద్య నేర్వదలచిన విద్యార్థులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. తెర మీద కనిపించే మందాన్ని నమ్మరాదు. దగ్గరగా చూచినను, దూరంగా చూచినను అది సాధారణంగా మారదు. గోడలకు ఒక పొర, తలుపులకు ఒక పొర, కొలతలకు ఒక పొర ఏర్పరచి, ఒక్కొక్క పొరకు మందాన్ని ముందే నిర్ణయింపవలెను. పాలీలైనుకు ఇచ్చే వెడల్పు వేరు, గీత మందం వేరు; మొదటిది చిత్రం స్కేలుతో పెరిగి తరుగును, రెండవది కాగితానికి చెందినది. రంగుల గీతలను రంగులతోనే అచ్చు తీసినచో పసుపు గీత కంటికి ఆనదు. అన్నింటినీ నలుపులో తీయించే పట్టికను ఎన్నుకొనవలెను. బయట అచ్చు తీయించునప్పుడు నక్షాను తగిన కాగితపు కొలతకే పి.డి.ఎఫ్.గా మార్చి ఇచ్చుట క్షేమం. మందాలు అందులో స్థిరపడి ఉండును. కాగితం మూలలో కొలబద్ద గీత ఒకటి ఉంచినచో, కుదింపు జరిగినదీ లేనిదీ ఎవరైనను కనుగొనగలరు. అన్నింటికంటె ముఖ్యం, మేస్త్రీకి ఇచ్చే కాగితాన్నే చేతబట్టి, చేయి చాచి ఒకసారి చూడవలెను. గోడలు తొలిచూపులోనే కనబడనిచో దానిని ఇయ్యరాదు.

విజయవాడలో 2008లో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ నెలకొన్నది. భవనాల అనుమతులకు నక్షాలను నేడు ఆన్‌లైనులో సమర్పించుచున్నారు. అచ్చట పొరలను పరిశీలించేది కంప్యూటరు. కాని ముగ్గు పోయవలసిన మేస్త్రీ చేతిలో ఉండేది ఇప్పటికీ కాగితమే. మన విద్యార్థులలో కొందరు రేపు నక్షాలు గీయుటయే వృత్తిగా చేపట్టవచ్చును. కళాశాల కమిటీ పెద్దలు కూడా ఏనాడైనను ఒక గదికో, ఒక ప్రహరీకో నక్షాను ఆమోదించుచునే ఉందురు. సంతకం చేయుటకు ముందు గీతలలో గురువేదో, లఘువేదో వారు ఒక్కసారి చూచినచో చాలును. ఒక పేదవాని రెండు దినాల కూలి ఆ చూపులోనే దక్కును.